అప్పని బస్సు గుద్దిన రోజులు

పైడితల్లమ్మ మీద ఒట్టు, ఈ కింద రాసిన ప్రతి ముక్కా నిజం. అది చాలదంటే మా ఆవిడ మీద ఒట్టు. పెళ్ళైన దగ్గర్నించీ ఆవిడ మీదే ఒట్లు వేస్తున్నాను, ఇప్పటికీ గుండ్రాయిలా ఉంది. నేనెంత నిజాయితీపరుణ్ణో మీరే అర్థం చేసుకోండి.

నా సంగతి తెలిసినవాళ్ళు ఇక్కడే పేజీ తిప్పేస్తారని తెలుసు. కాలవలో మొసలి నా సైకిలు మింగేసి వారం రోజులు కడుపులోంచి బెల్లు కొట్టిందని విజయనగరంలో సగం ఊరికి చెప్పినవాణ్ణి. అది వేరు. ఇది అప్ప గురించి. అప్ప దగ్గర తప్పు మాట్లాడితే ఏమవుతుందో నా నెత్తికి తెలుసు.

మొన్న మంగళవారం పొద్దున్న చీపురుపల్లి నించి, అప్ప దగ్గర పనిచేసే పైడమ్మ ఫోను చేసింది.

"రైటర్ బావా, అప్ప ఎల్పోనాది."

నోట్లో ఇడ్లీ ముక్క ఉంది. దాంతోనే అడిగాను. "బస్సు గుద్దిందా?"

"నేదు బావా. ఈసారి నిజంగానే. జొరం."

మా ఆవిడ నన్నో చూపు చూసింది, చావు కబురు చెప్పినవాళ్ళని అలా అడిగేవాడు మనిషేనా అని. ఆవిడకేం తెలుసు? అప్పని ఏళ్ళ తరబడి నెలకోసారి బస్సు గుద్దుతూనే ఉంది. ఆ సంగతే చెబుతాను.

అప్ప అంటే మా వైపు అక్క. ఆవిడకీ ఓ పేరుండేది. సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం మీద నేనే రాశాను, ఆ తర్వాత దాన్నెవరూ వాడలేదు. పోలీసులూ అప్ప అనేవారు, బస్సు కండక్టర్లూ అప్ప అనేవారు, ఆవిడ చేత తన్నులు తిన్న మొగుళ్ళు కూడా కాస్త దూరంగా నిలబడి అప్పా అనే అనేవారు.

సముద్రం ఒడ్డు మనిషి. చీపురుపల్లి సంతలో ఎండు చేపలు అమ్మడానికి గంపతో బస్సెక్కి వచ్చేది. చనిపోయిన మొగుడి గుర్తుగా మిగిలింది ఒక్కటే, అతను చేపలు మోసిన కావిడి బద్ద. భుజానికి రాసుకుని రాసుకుని ఆ వెదురు మధ్యలో అద్దంలా మెరిసేది. ఒక సంత రోజు ఎవడో పెళ్ళాన్ని జుట్టు పట్టుకుని చేపల వరస మధ్యలోంచి ఈడ్చుకుపోతున్నాడు. అందరూ గంపలు పక్కకి జరిపి దారిచ్చారు. అప్ప జరపలేదు. బద్ద తీసి వాడి మోచేతి మీద ఒక్కటిచ్చింది. ఎముక విరిగిన చప్పుడు ఎండు రొయ్య విరిగినంతే వినిపించిందని ఆవిడ చెప్పేది. నేను చెప్పినప్పుడు తాటిమట్ట విరిగినట్టని చెబుతాను.

వాడు పారిపోయాడు. పెళ్ళాం మాత్రం అక్కడే నిలబడిపోయింది. "ఇప్పుడు నానెక్కడికెల్లాల?" అంది. అప్ప స్టేషను రోడ్డులో తను సరుకు దాచుకునే రేకుల షెడ్డు తాళం తీసి, ఆ మనిషిని లోపలికి తోసి, బయట కాపలా కూర్చుంది. దెబ్బలు తిన్న ఆడవాళ్ళ ఆశ్రయంగా తర్వాత జిల్లా అంతా తెలిసిన సంస్థ ఆ షెడ్డే. సొసైటీ అయింది, అధ్యక్షురాలు, కార్యదర్శి, బోర్డు అన్నీ వచ్చాయి, దరఖాస్తులు రాయడానికి నేను వచ్చాను. ఎండు చేపల వాసన మాత్రం పోలేదు. సగంమంది మొగుళ్ళు ఆ వాసనకే గుమ్మం దాటలేక వెనక్కి పోయేవారు.

అప్ప అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, చుట్ట వెలిగించి మండే కొసని నోట్లో పెట్టుకోవడాన్ని అడ్డపొగ అంటారు. మా తీరంలో పాతకాలం ఆడవాళ్ళకి అదొక విద్య. నోరు మూసినప్పుడు బుగ్గలోంచి ఎర్రగా వెలుగు కనపడేదని నేనంటాను, మీరు నమ్మక్కర్లేదు. ఆ చుట్ట నోట్లో ఉండగానే తిట్టేది, పాడేది, కలెక్టరాఫీసులో వాదించేది. మాట ముగించేటప్పుడు మాత్రం ఒకటే అనేది. "నోట్లో నిప్పెట్టుకుని సెప్తన్నాను. అబద్దమాడితే నా నాలికే కాల్తాది."

చుట్ట తర్వాత చెయ్యి. మాట కన్నా ముందు లేచేది. పప్పులో ఉప్పెక్కువైతే వంటమనిషి వీపు మీద, దరఖాస్తులో తేదీ తప్పు పడితే నా నెత్తి మీద పడేది. ఒకసారి మా బోర్డులో పెద్దమనిషి ఒకాయన, "సర్దుకుపోవాలమ్మా, సంసారమన్నాక" అని ఒక పిల్లకి హితబోధ చేస్తుంటే, నీళ్ళతో సహా స్టీలు గ్లాసు వచ్చి ఆయన నుదుటికి తగిలింది. ఆయన రాజీనామా కూడా నేనే రాశాను. రాస్తున్నంతసేపూ కాగితం మీద నెత్తురు చుక్కలు పడుతూనే ఉన్నాయి.

దెబ్బలు తిన్నవాళ్ళని కాచే మనిషి ఇలా కొట్టడమేమిటని నాకూ ఉండేది. ఒక రోజు వీలు చూసుకుని, ఆవిడ చెయ్యి అందనంత దూరంలో నిలబడి అడిగాను.

"ఒరే రైటరూ," అంది. "నా సేత దెబ్బ తిన్నోళ్ళని తిరిగి కొట్టమని సెప్తాను. ఆళ్ళ మొగుళ్ళు ఎప్పుడైనా సెప్పినారేటి?"

నిజమే. చెప్పేది. ఎవరూ కొట్టేవాళ్ళు కాదు, అంతే. చెయ్యి ఎత్తితే తల వంచడం అప్పటికే బాగా అలవాటైన ఒళ్ళు అవి. అది చూసినప్పుడల్లా ఆవిడకి ఇంకా ఒళ్ళు మండేది.

ఇక బస్సు.

ఆ బస్సు రావడానికి ముందు సంవత్సరం అప్ప తన ఊళ్ళో అమ్మవారి పండగకి మూడు రోజులు వెళ్ళింది. అక్కడ ఫోను అందదు. రెండో రోజు పొద్దున్న ఒకడు తల్లిని వెంటబెట్టుకుని, చేతిలో మల్లెపూల పొట్లంతో వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. లోపల వాడి పెళ్ళాం ఉంది. పేరు రాయను. చిన్నపిల్ల, నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది, ముందు పళ్ళు వాడే రాలగొట్టాడు. వాడు అరవలేదు, తిట్టలేదు. ఏడ్చాడు. షెడ్డులో అప్పుడు పైడమ్మ, ఇంకో ముగ్గురు పనివాళ్ళు ఉన్నారు. తలుపు తియ్యకూడదని నలుగురికీ తెలుసు. పొమ్మని చెప్పడానికి మాత్రం ఒక్కరికీ నోరు రాలేదు. అది అప్ప చెప్పే మాట కదా. ఫోను చేశారు, అందలేదు. మళ్ళీ చేశారు. "అప్ప రానీ, అప్ప రానీ" అంటూ సాయంత్రం దాకా వాణ్ణి కూర్చోబెట్టారు, మంచినీళ్ళిచ్చారు, తర్వాత టీ ఇచ్చారు. టీ ఇచ్చాక ఒక్క మాట మాట్లాడి వెళ్ళిపోతానన్నాడు. తలుపు తీశారు.

మర్నాడు ఆ పిల్ల రైలు పట్టాల పక్క తుప్పల్లో దొరికింది. మెడ మీద వేళ్ళ గుర్తులు నీలంగా, విడివిడిగా లెక్కపెట్టేలా ఉన్నాయి. మల్లెపూలు జడలోనే ఉన్నాయి.

అప్ప తిరిగొచ్చి సంగతి వింది. బద్ద తీసుకుంది. కుండలు, మంచాలు, గోడ గడియారం, ఆ అందని ఫోను, దేన్నీ వదల్లేదు. మేము ఐదుగురం గోడకి అతుక్కుపోయి మా వంతు కోసం చూస్తున్నాం. విరగ్గొట్టడానికి ఇంకేమీ మిగలనప్పుడు బద్ద తెచ్చి పైడమ్మ చేతిలో పెట్టింది.

"కొట్టవే నన్ను."

పైడమ్మ బద్దని పామును పట్టుకున్నట్టు పట్టుకుంది.

"కొట్టు! నానే తలుపని మీ అందరికీ నేర్పినాను. నాను నేకపోతే తలుపెక్కడుంటాది? సంపింది ఆడు కాదే, నాను!" అని తన తలని గోడకేసి బాదుకుంది. రేకుల షెడ్డు గోడ. ఆ మోత విని స్టేషను నించి కూలీలు పరిగెత్తుకొచ్చారు. నలుగురు పట్టుకుంటే గానీ ఆగలేదు. కనుబొమ మీద ఆ గాటు చివరి దాకా ఉంది.

అది జరిగిన కొన్నాళ్ళకి, మాకు సాయం చేసే పెద్ద సంస్థ వాళ్ళు విజయనగరంలో రెండు రోజుల శిక్షణ పెట్టారు. స్వచ్ఛంద సంస్థల్లో నాయకత్వాన్ని బలపరచడం, సంస్థాగత సామర్థ్యాన్ని పెంచడం. బ్యానరు అంత పొడుగూ ఉంది. సిటీ నించి ఒకబ్బాయి వచ్చాడు. సన్న గొంతు, కళ్ళద్దాలు, జేబులో నాలుగు రంగుల పెన్నులు. అందరికీ చార్టు కాగితాలిచ్చి, మీ సంస్థలో ఎవరు ఎవర్ని అడిగి పని చేస్తారో గీతలు గీయమన్నాడు. మా కాగితం మీద మధ్యలో అప్ప, చుట్టూ మేము. గీతలన్నీ లోపలికే. చూడ్డానికి ముళ్ళపందిలా ఉంది.

ఆ అబ్బాయి దాన్ని కాసేపు చూశాడు. గొంతు ఇంకా సన్నం చేసుకుని, "అమ్మా, ఏమీ అనుకోకండి. రేపు మిమ్మల్ని ఏ బస్సో గుద్దేసిందనుకోండి. ఎల్లుండి మీ సంస్థ ఏమవుతుంది?" అన్నాడు.

నేను నా కుర్చీ రెండడుగులు వెనక్కి జరుపుకున్నాను.

అప్ప నోట్లోంచి చుట్ట తీసింది. "ఏ బస్సు బాబూ?"

"ఏదో ఒకటి, ఉదాహరణకి."

"రాజాం బస్సా, పాలకొండ బస్సా?"

"ఏ బస్సైనా అమ్మా. మీరు ఉన్నట్టుండి లేకపోతే..."

అప్ప లేచి అతని దగ్గరికి నడిచింది. పాపం పోతాడనుకున్నాను. వీపు మీద ఒక్క చరుపు చరిచింది. కళ్ళద్దాలు మూడో వరసలో పడ్డాయి. "ఇన్నాళ్ళకి ఒక్క మగోడు నన్ను అడగాల్సింది అడిగినాడ్రా!" అని అతన్ని పట్టుకుని ఏడ్చింది. మిగిలిన సంస్థల వాళ్ళు దాన్ని ఉదాహరణగానే రాసుకున్నారు. అప్ప ఉదాహరణలు ఎరగదు. చెప్పింది చెయ్యడమే తెలుసు.

తర్వాతి శుక్రవారం, సంత రోజు, అంటే మాకు తాకిడి ఎక్కువుండే రోజు, పొద్దున్నే వెళ్ళేసరికి ముందు గదిలో నులక మంచం అడ్డంగా వేసి ఉంది. దాని మీద అప్ప వెల్లకిలా పడుకుంది. మొహం మీద తువ్వాలు, పక్కన కావిడి బద్ద. పనివాళ్ళు చుట్టూ నిలబడి ఉన్నారు.

"ఏమైంది?" అన్నాను.

"బస్సు గుద్దీసినాదట," అంది పైడమ్మ మెల్లగా. "సాయంత్రం ఆరింటి దాకా సచ్చిపోయుంటాదట."

"చచ్చిపోతే తువ్వాలు కిందనించి పొగొస్తోందేం?"

"అది పాడె మీది ఊదొత్తనుకోరా సన్నాసీ!" అంది శవం.

ఆ రోజు నరకం. బియ్యం ఎన్ని పొయ్యాలని వంటమనిషి మంచం దగ్గరికి వెళ్ళి, "అప్పా, ఏటి సెయ్యమంటావు?" అంది. తువ్వాలు కదల్లేదు గానీ బద్ద కదిలింది. వంటమనిషి మోకాలు పట్టుకుని కుంటుతూ వెళ్ళింది. తాళంచెవుల కోసం ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. ఒకరి చెవి పోగు ఊడి తమ్మె చిరిగింది. అన్నం మాడింది. పంచాయితీకి ఎవరో పెద్దలొస్తే వాళ్ళకేం చెప్పాలో తెలియక నేను మంచం వైపు నోరు తెరిచాను, ఆ నోరు మూసేలోపే దెబ్బ పడింది. సాయంత్రం ఆరింటికి అప్ప లేచి తువ్వాలు దులుపుకుని, "నాను సచ్చిపోతే ఇంత దరిద్రంగా ఉంటాదేట్రా?" అని మళ్ళీ అందర్నీ ఓ విడత కొట్టింది.

అలా నెలకో రోజు. ఏ శుక్రవారమో ముందు చెప్పేది కాదు, బస్సు చెప్పి రాదు కదా అనేది. ఒకటే నియమం. "ఏటి సెయ్యమంటావు?" అన్న మాట వినపడితే దెబ్బ. నాలుగైదు చావుల తర్వాత పైడమ్మ బొగ్గుముక్క తీసుకుని గోడ మీద రాసింది. తలుపు ఎవరు, ఆస్పత్రికి ఎవరు, పోలీసుకి ఎవరు, పొయ్యి ఎవరు. సాయంత్రం అప్ప లేచి అది చదివించుకుని, "మరి నిన్ను గుద్దితేనో?" అంది. ప్రతి పేరు కింద ఇంకో పేరు చేరింది. ఆ తర్వాత బస్సు అప్ప ఒక్కదానితో ఆగలేదు. "పైడమ్మని కూడా గుద్దీసినాది, పడుకోవే పక్కన!" అనేది. ఒక శుక్రవారం పదిమంది పడుకున్నారు. గుమ్మంలోకి వచ్చిన పోస్టుమేన్ ఉత్తరాలు అక్కడే పారేసి పరిగెత్తాడు.

పైడమ్మ గురించి చెప్పాలి. విరిగిన భుజంతో వచ్చిన మనిషి. మొదటి ఏడాదంతా గుసగుసగానే మాట్లాడింది, కూరలో ఉప్పెయ్యడానికి కూడా అప్పని అడిగేది. మల్లెపూలవాడికి తలుపు తీసిన చెయ్యి పైడమ్మదే. గోడ మీద తలుపు అన్న మాట ఎదురుగా రాసుకున్నది కూడా తన పేరే. ఒక బస్సు రోజు అప్ప కొట్టిన బద్దని గాల్లోనే పట్టుకుని, "ఉండు, నాను సేస్తన్నాను కదా! సచ్చినదానివి సచ్చినట్టుండు!" అని తిరిగి ఓ దెబ్బ వేసింది. తువ్వాలు కింద మంచం కిర్రుకిర్రుమని ఊగింది. అప్ప నవ్వుతోంది. ఆ సాయంత్రం సంత నించి కిలో జిలేబీ తెప్పించి, వాచిన చేత్తోనే అందరికీ పంచింది.

ఇక ఆ శుక్రవారం.

నరసమ్మ అనే పిల్ల వచ్చి మూడు రోజులైంది. కుడి బొటనవేలు లేదు. ఆమె మొగుడు నరికాడు, ఫోనులో ఎవరి ఫొటోకో లైకు బొటనవేలు నొక్కిందని. ఉదయం పది గంటలు. అప్ప మంచం మీద చచ్చి ఉంది. వాడు ఇద్దరు తమ్ముళ్ళతో వచ్చాడు, వాడి చేతిలో కొడవలి, తమ్ముళ్ళ దగ్గర గునపం.

"తియ్యవే తలుపు!"

"తియ్యను," అంది పైడమ్మ లోపల్నించి.

"మీ అప్పని పిలూ!"

"సచ్చిపోనాది."

"ఎప్పుడు?"

"పొద్దున్న. బస్సు గుద్దీసినాది."

వాడు కిటికీలోంచి చూశాడు. మంచం, తువ్వాలు, కదలని కాళ్ళు. ఒక్క క్షణం వెనక్కి తగ్గాడు, చావింటికి కొడవలితో రావడం వాడికీ బాగోలేదు. అంతలో తువ్వాలు అంచు నించి సన్నగా పొగ లేచింది. "ఒరే, శవం పొగ తాగతన్నాదిరా!" అని అరిచి తలుపు మీద గునపం వేయించాడు.

మూడో పోటుకి గడియ ఊడింది. తలుపు వచ్చి నుదుటికి కొట్టుకుని పైడమ్మ పడింది, కళ్ళలోకి నెత్తురు కారుతుండగానే లేచింది. ఎవరూ మంచం వైపు చూడలేదు. అదే ఇప్పటికీ నా కళ్ళకి కట్టినట్టుంటుంది. గోడ మీద ఆస్పత్రి ఎదురుగా పేరున్న మనిషి నరసమ్మని వెనక దొడ్లోంచి స్టేషను వైపు లాక్కుపోయింది. పోలీసు పేరున్న మనిషి ఫోను తీసింది. పొయ్యి పేరున్న వంటమనిషి వార్చబోతున్న అన్నం గిన్నె అలాగే ఎత్తి, మరిగే గంజిని మొదటి తమ్ముడి ఛాతీ మీద గుమ్మరించింది. వాడి చొక్కాతో పాటు చర్మం ఊడొచ్చింది. రెండోవాడు గునపం వదిలి వాణ్ణి ఎత్తుకుని పరిగెత్తాడు. కొడవలివాడు మాత్రం లోపలికి దూకి, దారికి అడ్డంగా ఉన్న మంచం మీద ఒక్క వేటు వేశాడు.

ఆ వేటుకి అప్ప ఎడమచేతి రెండు వేళ్ళు తెగి నేల మీద పడ్డాయి. ఆవిడ కదల్లేదు. మూలగలేదు. బస్సు గుద్దిన రోజు కదా, చచ్చినవాళ్ళకి నొప్పేమిటి? వాడు రెండోసారి ఎత్తినప్పుడు నేను వెనకనించి దూకి కొడవలి పట్టుకున్నాను. ఒట్టి చేత్తో. మణికట్టు మెలితిప్పి లాగేశాను. అప్పుడు పైడమ్మ బద్దతో వాడి మోకాళ్ళ వెనక కొట్టింది. పడ్డాక మళ్ళీ కొట్టింది. పోలీసులొచ్చేదాకా కొడుతూనే ఉంది, వాళ్ళొచ్చాక కూడా కాసేపు కొట్టింది.

నరసమ్మ బతికింది. ఇప్పుడు మా షెడ్డులో పోలీసు పేరు ఆమెదే.

ఈ కథని నేను ఎన్ని మీటింగుల్లో చెప్పానో లెక్కలేదు. నాయకత్వ శిక్షణకి మమ్మల్నే పిలిచే రోజులొచ్చాయి. వేదిక మీద నేను కొడవలి లాగే చోట చప్పట్లు పడేవి. పక్క కుర్చీలో అప్ప కూర్చునేది, మూడు వేళ్ళ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. నేను ఆ చోటికి వస్తున్నానని తెలియగానే చుట్ట వెలిగించి, నిప్పు కొస నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించేసేది. కథ అయ్యేదాకా తెరిచేది కాదు. ఎవరైనా, "నిజమా అప్పా?" అని అడిగితే బుగ్గలు పొంగించి నావైపు చూసేది, అంతే.

మొన్న మంగళవారం నేను బస్సు దిగేసరికి ఆస్పత్రి నించి తెచ్చి అదే నులక మంచం మీద, అదే గదిలో పడుకోబెట్టారు. షెడ్డు ఏడుస్తోంది గానీ ఆగలేదు. నా ముందే ఒకామె దవడ వాచిపోయి వచ్చింది. శవాన్ని చూసి వెనక్కి తిరగబోతే తలుపు పేరు మనిషి చెయ్యి పట్టుకుని మంచం పక్కనించే లోపలికి తీసుకెళ్ళింది. పొయ్యి వెలుగుతోంది. ఎవరు ఎవర్నీ ఏమీ అడగలేదు.

ఇక ఒప్పుకోవాలి. ఒట్టు వేశాను గనక. చెవి పోగు, పోస్టుమేన్, గంజి, అన్నీ నిజం. కొడవలి నేను పట్టుకున్నానన్నది అబద్ధం. అప్ప కదల్లేదన్నది కూడా అబద్ధమే.

వాడు లోపలికి దూకినప్పుడు నేను మంచం వెనక నేల మీద, మంచం కోడు కౌగిలించుకుని ఉన్నాను. "ఏదిరా నా పెళ్ళాం?" అని కొడవలి నా మీద ఎత్తాడు. గోడ నిండా పేర్లున్నాయి, నేను గోడ చూడలేదు. తువ్వాలు దగ్గర మొహం పెట్టి అడిగాను. "అప్పా, ఏటి సెయ్యమంటావు?"

చెయ్యి లేచింది. ఆ మాటకి ఎప్పుడూ లేచినట్టే లేచింది. కొడవలి దాని మీద పడింది. పైడమ్మ వెనకనించి వాణ్ణి పడగొట్టింది, ఒక్కతే. నేను కోడు వదల్లేదు. ఆ చెయ్యి నన్ను కొట్టడానికి లేచిందో, కొడవలికి అడ్డం వచ్చిందో నాకు తెలియదు. ఇన్నేళ్ళలో అడిగే ధైర్యం రాలేదు. ఆవిడా చెప్పలేదు. నిప్పు నోట్లో పెట్టుకుని అబద్ధం ఆడలేదు, నా పరువు తియ్యనూ లేదు.

మంగళవారం ఆ మంచం దగ్గర ఎవరూ లేని క్షణం చూసి వంగాను. మూడు వేళ్ళ చెయ్యి పొట్ట మీద ఉంది. తువ్వాలు కింద పొగ లేదు.

"అప్పా," అన్నాను మెల్లగా. "ఏటి సెయ్యమంటావు?"

చెయ్యి లేవలేదు. ఎంతసేపు చూశానో తెలియదు.

వెనకనించి నెత్తి మీద ఫెడీమని ఒకటి పడింది. కళ్ళు బైర్లు కమ్మాయి. తిరిగి చూస్తే పైడమ్మ, నడుం బిగించిన పైట, ఎర్రబడ్డ కళ్ళు.

"ఎవర్నడుగుతున్నావు బావా? అటేపు కోడు పట్టు!"

పట్టాను. కొట్టిన చేతికి ఐదు వేళ్ళూ ఉన్నాయి.